నిండు బండికి బ్రేకులు: ఇన్నోవా క్రిస్టా ముందు ప్యాడ్లు, డిస్కులు మార్చి చాలాకాలం నడిపాక

మాది 2017 ఇన్నోవా క్రిస్టా, 2.4 డీజిల్, మాన్యువల్ గేరు. ఉండేది హన్మకొండలో. మామూలు రోజుల్లో బండిలో నేనొక్కణ్ణే, మహా అయితే ఇద్దరం. నయీంనగర్ నుంచి ఎనుమాముల మార్కెట్ దాకా, మళ్లీ ఇంటికి. నెలకో రెండు నెలలకో మాత్రం బండి నిండిపోతుంది. బాపు, అమ్మ, అక్కావాళ్లు, పిల్లలు, పైన క్యారియర్ మీద సామాను. వేములవాడ, కొండగట్టు, కాళేశ్వరం, రెండేళ్లకోసారి మేడారం. ఖాళీగానే 1800 కిలోలు దాటే బండి ఇది. అందరం ఎక్కితే ఇంకో అయిదు క్వింటాళ్లు. ఈ సమీక్ష అంతా ఆ అయిదు క్వింటాళ్ల గురించే. ఎందుకంటే ఖాళీ బండి ఏ ప్యాడ్లు వేసినా ఆగుతుంది. షాపు ముందు ఒక రౌండు కొట్టి "బాగుంది" అనుకుంటే తెలిసేదేమీ ఉండదు.

క్రిస్టాకు ముందు చక్రాలకు డిస్కులు, వెనక డ్రమ్ములు. డిస్కు అంటే చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లెం, ప్యాడ్లు దాన్ని రెండు వైపుల నుంచీ నొక్కి ఆపే దిమ్మలు. ముందు డిస్కు మధ్యలో గాలి ఆడే ఖాళీలు ఉండే రకం. బ్రేకు కొట్టినప్పుడు బరువంతా ముందుకు వాలుతుంది కాబట్టి ఆపే పనిలో రెండొంతులకు పైనే ముందు చక్రాలే చేస్తాయి. అందుకే ఇక్కడ రాసేదంతా ముందు వాటి గురించి. వెనక డ్రమ్ముల్లో రాపిడి ఇచ్చే లైనర్లు ఒక్కసారే మార్పించాను, వాటితో ఏ గొడవా లేదు.

బండితో వచ్చిన ప్యాడ్లు యాభై వేల కిలోమీటర్లు దాటాయి. నా వాడకంలో సగం ఊళ్లోనే కాబట్టి ఇది బాగా వచ్చినట్టే. హైవే మీదే తిరిగే వాళ్లకు ఇంకా ఎక్కువ వస్తాయి, ట్యాక్సీ నడిపేవాళ్లకు తక్కువ. అవి అయిపోయిన సంగతి మంచిర్యాలలో తెలిసింది. ముందు కుడి చక్రం నుంచి సన్నగా కీచుమని చప్పుడు. ప్యాడ్ అడుగున చిన్న రేకు ముక్క ఒకటి ఉంటుంది, ప్యాడ్ అరిగి పల్చబడ్డాక అది డిస్కుకు తగిలి చప్పుడు చేస్తుంది. పాడైపోయిందని కాదు, మార్చమని చెప్పడానికే దాన్ని అక్కడ పెట్టింది. కొత్త ప్యాడ్ మీద రాపిడి పదార్థం పది పన్నెండు మిల్లీమీటర్లు ఉంటే, మూడుకు వచ్చేసరికి మార్చేయడం మంచిది. మాది విప్పి చూస్తే లోపలి ప్యాడ్ బయటి దానికన్నా బాగా ఎక్కువ అరిగి ఉంది. దీని సంగతి కింద రాస్తాను, ముఖ్యమైనది.

ఇంటికి దూరంగా ఉన్నాం, బండి నిండా మనుషులున్నారు. కాబట్టి అక్కడ షాపులో ఉన్నవే వేయించాం. కంపెనీ పేరు రాయను. అసలు వాటి ధరలో సగం కూడా లేదు. హన్మకొండ వచ్చాక కొన్ని నెలలు ఊళ్లో తిరిగినంత కాలం నాకు వాటిలో లోపమేమీ కనబడలేదు. రిమ్ముల మీద నల్ల పొడి కొంచెం ఎక్కువ పడేది, అంతే.

వాటి అసలు రంగు మహబూబ్ ఘాట్‌లో బయటపడింది. కుంటాల జలపాతం చూసి నిర్మల్ వైపు దిగుతున్నాం, బండి నిండుగా ఉంది, మూడో గేరులోనే ఉన్నాను. కొన్ని మలుపులు దిగాక బ్రేకు నొక్కితే పెడల్ ఎప్పటిలా గట్టిగానే ఉంది, బండి మాత్రం పట్టు దొరకనట్టు జారుతూ పోతోంది. ఇంకా గట్టిగా తొక్కితే గానీ వేగం తగ్గలేదు. కాలిన వాసన. రెండో గేరుకు దించి, వెడల్పుగా ఉన్న చోట పక్కకు ఆపి, బానెట్ ఎత్తకుండా, చక్రాల మీద నీళ్లు పోయకుండా చల్లారనిచ్చాం. పక్కనే ఆగిన ఒకాయన బకెట్ తీసుకొచ్చాడు, వద్దని దండం పెట్టాను. కాగిన పోత ఇనుము మీద చన్నీళ్లు పోస్తే డిస్కు పగలొచ్చు, వంకర పోవచ్చు.

ఇక్కడ ఒక తేడా తెలిసి ఉండాలి. పెడల్ గట్టిగానే ఉండి బండి ఆగకపోతే తప్పు ప్యాడ్లలో ఉన్నట్టు. ప్యాడ్‌ని కలిపి ఉంచే రెసిన్ అతి వేడికి ఆవిరై, ప్యాడ్‌కీ డిస్కుకీ మధ్య పట్టు తగ్గిపోతుంది. పెడల్ మెత్తబడి నేల దాకా పోతే అది బ్రేక్ ఆయిల్ మరిగి లోపల ఆవిరి బుడగలు వచ్చినట్టు. రెండోది ఇంకా ప్రమాదం. మాకు జరిగింది మొదటిది.

తర్వాత ఆ ప్యాడ్లు విప్పించినప్పుడు వెనక రేకు అంచు మీద ముద్రించిన సంకేతం చూశాను. చాలా ప్యాడ్ల మీద వరుసలో చివర రెండు ఇంగ్లిషు అక్షరాలు ఉంటాయి. మొదటిది మామూలు వేడిలో రాపిడి ఎంతో చెబుతుంది, రెండోది బాగా కాగినప్పుడు ఎంతో. రాపిడి గుణకం లెక్కలో (అంకె పెద్దదైతే పట్టు ఎక్కువ) ఈ (E) అంటే 0.25 నుంచి 0.35, ఎఫ్ (F) అంటే 0.35 నుంచి 0.45, జీ (G) అంటే 0.45 నుంచి 0.55. మావాటి మీద మొదట ఎఫ్ (F), తర్వాత ఈ (E). అంటే కాగితే పట్టు తగ్గుతుందని ముందే రాసి ఉన్నట్టే. ఈ అక్షరాలు ప్యాడ్ ఎంతకాలం వస్తుందో, చప్పుడు చేస్తుందో లేదో చెప్పవు. కానీ బరువు బండికి రెండో అక్షరం మొదటి దానికన్నా తక్కువ ఉన్న ప్యాడ్ నేనైతే ముట్టను. షాపులో డబ్బా విప్పి చూపించమంటే కొందరు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

ఆ ఘాట్ తర్వాత ఇంకొకటి మొదలైంది. 80 మీద వెళ్తూ బ్రేకు కొడితే స్టీరింగ్ వణికేది. అందరూ "డిస్కు బెండయింది" అంటారు. నిజానికి చాలాసార్లు డిస్కు వంగదు. కాగిన ప్యాడ్ పదార్థం, పెనం మీద అట్టు మాడి అంటుకున్నట్టు, డిస్కు మీద అక్కడక్కడా అంటుకుంటుంది. ఆ మచ్చల దగ్గర పట్టు ఒకలా, మిగతా చోట ఇంకోలా. అలా నడుస్తూ పోతే డిస్కు మందంలోనే మిల్లీమీటర్‌లో వందో వంతుల తేడాలు వస్తాయి. చేతికి వణుకు తెలియడానికి అంత తేడా చాలు.

వరంగల్ ఆటోనగర్‌లో మేం చూపించుకునే మెకానిక్ మాటలు తక్కువ మనిషి. మైక్రోమీటర్ పెట్టి డిస్కు మందం చుట్టూ కొలిచి, "అన్నా, ప్యాడ్లు మంచియి ఏస్త అంటున్నవ్, డిస్కు జూసినవా? గీ డిస్కు మీద ఏ ప్యాడేసినా గదే కత" అన్నాడు. ప్రతి డిస్కు మీదా కనీస మందం ఎంతుండాలో అచ్చు వేసి ఉంటుంది. మాది దానికి ఇంచుమించు దగ్గరగా వచ్చింది. లేత్ మీద చదును చేయించే వీలు లేకపోలేదు, ఖర్చు తక్కువ. కానీ ఇనుము తగ్గిన కొద్దీ డిస్కు వేడిని దాచుకునే శక్తి తగ్గుతుంది. తేలికైన కారుకైతే సరే గానీ, అయిదు క్వింటాళ్లు అదనంగా ఎక్కించుకుని ఘాట్ దిగే బండికి పల్చని డిస్కు దేనికి? కొత్తవే తీసుకున్నాం.

కౌంటర్ మీద మూడు డబ్బాలు పెట్టారు. టొయోటా సొంత ప్యాడ్లు, బ్రెంబో కంపెనీవి, సెరామిక్ అని రాసి ఉన్న ఇంకో కంపెనీవి. సెరామిక్ గురించి మా బావ అనుభవం నాకు తెలుసు. ఆయనది ఎక్స్‌యూవీ 500, నాలుగు చక్రాలకూ డిస్కులే. సెరామిక్ వేశాక రిమ్ములు ఎప్పుడూ తళతళలాడుతున్నాయి, చప్పుడు లేదు. పొద్దున మొదటి రెండు మూడు బ్రేకులకు మాత్రం పట్టు కొంచెం ఆలస్యంగా వస్తుందంటాడు, నేను నడిపినప్పుడూ అలాగే అనిపించింది. ఊళ్లో తిరిగే వాళ్లకు అవి హాయి. లోహం ఎక్కువ ఉండే సెమీ మెటాలిక్ వేడిని బాగా తట్టుకుంటాయి గానీ పొడి ఎక్కువ, చప్పుడు ఎక్కువ, డిస్కును కూడా కొంచెం తింటాయి. బావ నన్ను రంధ్రాలు వేసిన డిస్కులు తీసుకోమని కూడా పోరు పెట్టాడు. చూడ్డానికి బాగుంటాయి, కాదనను. కానీ ఆ రంధ్రాల అంచుల నుంచే సన్నని పగుళ్లు మొదలవుతాయి, ఇనుము బరువూ తగ్గుతుంది. మా రోడ్ల మీద దుమ్ము సంగతి సరేసరి. కుటుంబం ఎక్కే బండికి నాకు నచ్చలేదు.

చివరికి టొయోటా ప్యాడ్లు, టొయోటా మామూలు డిస్కులు తీసుకున్నాం. రెండు వైపులా ఒకేసారి. ఒక చక్రానికే మారిస్తే బండి ఒక పక్కకు లాగుతుంది, అది ఎవరికీ సలహా ఇవ్వను. ప్యాడ్ల మీద సంకేతం ఎఫ్ ఎఫ్. ధర చూసి కాసేపు మనసు ఒప్పలేదన్నది నిజమే.

బిగించడం గురించి కాస్త ఎక్కువే రాస్తాను. వస్తువు మంచిదైనా ఇక్కడ అశ్రద్ధ చేస్తే అంతా వృథా. కొత్త డిస్కుల మీద తుప్పు పట్టకుండా నూనె పూత ఉంటుంది, దాన్ని బ్రేక్ క్లీనర్‌తో పూర్తిగా తుడిపించాను. డిస్కు కూర్చునే హబ్ ముఖం మీద తుప్పును వైర్ బ్రష్‌తో రుద్దించాను. అక్కడ చిన్న తుప్పు పొర మిగిలినా డిస్కు వాలుగా కూర్చుని తిరుగుతుంది, కొన్ని వేల కిలోమీటర్ల తర్వాత మళ్లీ వణుకు వస్తుంది. డయల్ గేజీ పెట్టి చూస్తే ఊగు 0.05 మిల్లీమీటర్ లోపే వచ్చింది, అది చాలు. లోపలి ప్యాడ్ ఎక్కువ అరిగిందని చెప్పాను కదా. కాలిపర్ (ప్యాడ్లను పట్టుకుని డిస్కుకు నొక్కే భాగం) జరిగే పిన్నులు జామ్ అయితే అలా అవుతుంది. పిన్నులు తీసి, శుభ్రం చేసి, రబ్బరుకు పడే సిలికాన్ గ్రీజు పెట్టించాను. గ్యారేజీలో డబ్బా నిండా ఉండే మామూలు గ్రీజు పెడితే రబ్బరు ఉబ్బుతుంది, మళ్లీ పిన్ను బిగుసుకుంటుంది. చక్రం నట్లు గన్నుతో దడదడలాడించి వదిలేయకుండా, ఎదురెదురుగా వరుస మార్చుకుంటూ, ఎంత బిగువో కొలిచే టార్క్ రెంచ్‌తో బిగించమన్నాను. అందరి దగ్గరా ఆ రెంచ్ ఉండదు, ఉన్న చోటికే వెళ్లండి.

బ్రేక్ ఆయిల్ కూడా అప్పుడే మార్పించాను. ఇది గాలిలో తేమను పీల్చుకుంటుంది. డాట్ అనేది ఈ ఆయిల్ గ్రేడు పేరు. కొత్త డాట్ 3 మరిగే ఉష్ణోగ్రత కనీసం 205 డిగ్రీలు ఉండాలి, తేమ పట్టాక 140 దాకా పడిపోవచ్చు. డాట్ 4 కొత్తది 230, తేమ పట్టాక 155. ఘాట్ రోడ్డులో ఆ తేడా పెద్దదే. అప్పటి నుంచి రెండేళ్లకోసారి మారుస్తున్నాను, ఖర్చు కూడా పెద్దగా లేదు. డాట్ 5 మాత్రం సిలికాన్ రకం, వీటితో కలపకూడదు.

మర్నాడు తెల్లవారుజామున ఆరెపల్లి దాటాక ములుగు రోడ్డు మీద ప్యాడ్లను డిస్కుకు అలవాటు చేశాను. 60 నుంచి 10 దాకా నెమ్మదిగా తగ్గించడం, పూర్తిగా ఆపకుండా మళ్లీ వేగం అందుకోవడం, మధ్యలో కొంచెం గాలి తగలనివ్వడం. ఇలా ఇరవై ముప్పై సార్లు. చివర్లో బ్రేకు పట్టు పెరగడం కాలికి స్పష్టంగా తెలిసింది. కాగి ఉన్నప్పుడు సిగ్నల్ దగ్గర పెడల్ గట్టిగా తొక్కి నిలబడితే ప్యాడ్ ముద్ర డిస్కు మీద పడుతుంది, కాబట్టి ఖాళీ రోడ్డు, ఖాళీ సమయం ముఖ్యం. కొత్త ప్యాడ్లు వేయించుకుని నేరుగా ప్రయాణానికి బయల్దేరేవాళ్లను చూస్తే నాకు టెన్షన్.

2022 చివర్లో వేయించాం, ఇప్పటికి నలభై వేలు దాటింది. వణుకు మళ్లీ రాలేదు. 2024 ఫిబ్రవరిలో, మొన్న 2026 జనవరిలో మేడారం జాతరకు నిండు బండితోనే వెళ్లాం. తాడ్వాయి నుంచి బండ్ల వరుస, దుమ్ము, అడుగడుక్కీ ఆగడం. ఇక్కడ వేడి కన్నా దుమ్ము అసలు పరీక్ష. వచ్చాక కొన్ని రోజులు సన్నని గీర చప్పుడు వచ్చింది, చక్రాలు విప్పి గాలి కొట్టి శుభ్రం చేస్తే పోయింది. కొండగట్టు ఘాట్ అంటే ఈ వైపు వాళ్లకు 2018 సెప్టెంబరు బస్సు ప్రమాదం గుర్తొస్తుంది. అమ్మ ఇప్పటికీ ఆ మలుపుల్లో కళ్లు మూసుకుని అంజన్నకు మొక్కుతుంది. తక్కువ గేరులో, తొక్కి పట్టకుండా నొక్కి వదులుతూ దిగుతాను. ఎప్పుడూ పట్టు తగ్గలేదు. మహబూబ్ ఘాట్ కూడా అదే బరువుతో మళ్లీ దిగాం, వాసన కూడా రాలేదు.

నచ్చనివి లేకపోలేదు. వానాకాలంలో రాత్రంతా నిలబెడితే పొద్దున డిస్కు మీద ఎర్రని తుప్పు పొర వస్తుంది, మొదటి రెండు బ్రేకులకు గరగరమంటుంది, తర్వాత పోతుంది. ఇది ఏ ఇనుప డిస్కుకైనా తప్పదు. రిమ్ముల మీద పొడి సెరామిక్ అంత తక్కువ కాదు. ధర ఎక్కువ. డూప్లికేట్ డబ్బాల భయం ఒకటి, అందుకే బిల్లు ఇచ్చే చోటే కొన్నాను, పార్ట్ నంబరు సర్వీసు సెంటర్‌లో అడిగి సరిచూసుకున్నాను.

ఇంకోటి. వేగం 80 నుంచి 100కి పెంచితే బ్రేకులు మింగాల్సిన శక్తి ఒకటిన్నర రెట్లు దాటుతుంది. కాజీపేట దాటాక హైదరాబాద్ హైవే ఖాళీగా కనబడితే కాలు దానంతటదే నొక్కుకుంటుంది గానీ, నిండు బండిలో నేను 80 మీదే ఉంటాను. ప్యాడ్లు ఇంతకాలం రావడంలో దాని వాటా కూడా ఉంది.

ఊళ్లోనే, ఇద్దరు ముగ్గురితో తిరిగే ఇన్నోవా అయితే మంచి కంపెనీ సెరామిక్ వేసుకోండి, డిస్కు మందం సరిపోతే మార్చనక్కర్లేదు. నెలకోసారైనా బండి నిండేవాళ్లు మాత్రం ప్యాడ్ల డబ్బులు ఇచ్చే ముందు డిస్కు కొలిపించండి. మా ప్యాడ్లు మొన్న కొలిస్తే లోపలివి, బయటివి రెండూ దాదాపు సమానంగా అయిదు మిల్లీమీటర్ల దగ్గర ఉన్నాయి. వచ్చే వానాకాలం లోపు మార్చాల్సి రావచ్చు. డిస్కులు ఇంకో సెట్టు ప్యాడ్లకు సరిపోతాయని మెకానిక్ అంటున్నాడు, అప్పుడు మళ్లీ కొలిచి చూస్తాం.