కర్నూలులో కీమో రోగుల ఇంటివాళ్లూ, ‘నిద్ర కోర్సు’ వాళ్లతో జాగ్రత్త

మా అమ్మకు రొమ్ము క్యాన్సర్‌కి కీమో నడుస్తోంది. ఎక్కించిన రాత్రి కంటి మీద కునుకుండదు. బుధవారపేట పెద్దాసుపత్రి చుట్టుపక్కల ఒకాయన ఇలాంటి వాళ్లనే చూసి పలకరిస్తున్నాడు. ఊపిరి పద్ధతులతో మాత్రల్లేకుండా నిద్ర పట్టిస్తానని నాన్న దగ్గర ఆరు వేలు ఫోన్‌పే చేయించుకున్నాడు. రసీదు అడిగితే రేపిస్తానన్నాడు, ఇవ్వలేదు.

నేర్పిందేమిటంటే, పొట్ట ఎగరేస్తూ గబగబా ఊపిరి వదలడం, ఆపైన ఇరవై లెక్కపెట్టేదాకా బిగబట్టడం. రక్తం తగ్గి నాలుగడుగులకే ఆయాసపడే మనిషి చేత! అమ్మ కళ్లు తిరిగి మంచంకోడు పట్టుకుని కూర్చుండిపోయింది. “విషం బయటికి పోతోంది, మంచిదే” అన్నాడు. పైగా ఒక పొడి పొట్లం ఇచ్చాడు. పేరు లేదు, తేదీ లేదు, ఏం కలిపారో లేదు. పెన్నుతో ‘రాత్రి పాలలో’ అని రాసుంది, అంతే. ఆసుపత్రి మాత్రలు ఆపేయమన్నాడు, గడ్డ కూడా కరుగుతుందన్నాడు. క్యాన్సర్ నయం చేస్తామని మందులకు ప్రచారం చేసుకోవడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం.

పొట్లం డాక్టరమ్మకు చూపిస్తే వెంటనే ఆపించారు. ఏముందో తెలియని పొడి కీమో మందు పనితీరును మార్చేయొచ్చట, లివర్‌నూ దెబ్బతీయొచ్చట. వాంతులు రాకుండా ఇచ్చే డెక్సామెథసోన్ వల్ల కూడా నిద్ర పట్టదని చెప్పి, దాన్ని పొద్దున టిఫిన్ తర్వాతకు మార్చారు. మీ అంతట మీరు మార్చకండి, మీ డాక్టర్ని అడగండి.

అక్కడి నర్సమ్మ పైసా తీసుకోకుండా చూపించిన పద్ధతి ఇది. తల కింద ఎత్తుగా దిండ్లు పెట్టుకుని, ఒక చెయ్యి పొట్ట మీద ఉంచాలి. ముక్కుతో మెల్లగా పీలిస్తే ఆ చెయ్యి లేవాలి. పెదాలు సున్నాలా చుట్టి, పీల్చినదానికంటే నిదానంగా వదలాలి. బిగబట్టేది లేదు. కళ్లు తిరిగితే మామూలుగా ఊపిరి తీసుకోవాలి. తర్వాత పాదాల నుంచి పైకి ఒక్కో కండరాన్ని కాస్త బిగించి వదలాలి. ఆపరేషన్ అయిన వైపు జోలికి పోకూడదు. దీంతో టెన్షన్ తగ్గుతుంది. అమ్మకు కొన్ని రాత్రులు బాగా పనిచేస్తుంది, కొన్ని రాత్రులు చేయదు. గ్యారంటీగా నిద్ర పట్టిస్తానన్న వాడిని మాత్రం నమ్మకండి.

ఇప్పటికే డబ్బు కట్టినవాళ్లు పొట్లం, ఫోన్‌పే స్క్రీన్‌షాట్ దాచుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. మేమూ చేశాం. రాత్రిపూట భయం, దిగులు పట్టుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది. ఉచితం, ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడతారు.