చైనా డ్యూయల్ స్పోర్ట్ కొనొచ్చా? అనంతపురం మట్టిదారుల్లో రెండు బండ్లు నడిపాక నా మాట

తక్కువ ధరలో చైనా డ్యూయల్ స్పోర్ట్ బండి, అంటే రోడ్డుకూ మట్టికీ రెంటికీ పనికొచ్చేది, ఏదైనా ఉందా అని అడిగేవాళ్ళు ఈ మధ్య ఎక్కువయ్యారు. అమెరికాలో హాక్ 250, టీటీ 250 లాంటి చైనా బండ్లను నంబర్ ప్లేటు వేసుకొని రోడ్డు మీదా, అదే బండితో గుట్టల్లోనూ తిప్పే వీడియోలు చూసి, మనకెందుకు అలాంటివి రావు అని అడుగుతున్నారు. మంచి ప్రశ్నే. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా: బండి ఏ దేశానిదైనా పర్లేదు, విరిగిన బ్రేకు లివర్ మీ ఊరికి ఎన్నాళ్ళకు వస్తుందో కనుక్కొని తీసుకోండి. దీని వెనక చాలా కథ ఉంది కాబట్టి వివరంగా రాస్తున్నా.

నేను డ్రిప్ సామాను బిగించి, రిపేరు చేసే పనిలో ఉన్నా. ఉండేది అనంతపురం టౌన్‌లో. తిరిగేది మాత్రం శింగనమల, నార్పల, గార్లదిన్నె, కూడేరు వైపు చీనీ తోటలు, పండ్ల తోటలు, ఒక్కోసారి తాడిపత్రి అవతల దాకా. తారురోడ్డు ఊరి వరకే ఉంటుంది, అక్కడి నుంచి తోట వరకు కాలువ గట్టో, బండ్ల బాటో, వంకో దాటాలి. వీపున సంచిలో రెంచీలు, వెనక సీటు మీద పైపు చుట్ట. నా బండి హీరో ఎక్స్‌పల్స్ 200 4వీ. ఇంట్లోనే ఇంకో బండి ఉంది, మా బామ్మర్దిది. చైనా బ్రాండు, 300 సీసీ పైబడిన అడ్వెంచర్ బండి, విడిభాగాలు అక్కడి నుంచి వచ్చి మన దేశంలో బిగించినది. దాని పేరు రాయను, ఎందుకంటే ఒక్క బండి, ఒక్క డీలరు అనుభవంతో ఒక కంపెనీ మొత్తం మీద తీర్పు చెప్పడం న్యాయం కాదు. కానీ దాన్ని నేనూ బాగా నడిపాను, పనికి కూడా తీసుకుపోయాను. రెండూ ఒకే ఇంటి ముందు ఉండటం వల్ల పోల్చుకునే వీలు దొరికింది.

ముందు చట్టం సంగతి, ఎందుకంటే కుర్రాళ్ళు ఎక్కువగా దెబ్బ తినేది ఇక్కడే. ఆన్‌లైన్‌లో 125 సీసీ "ఇంపోర్టెడ్ డర్ట్ బైక్" అని తక్కువకే వస్తాయి చూడండి, వాటిలో దాదాపు ఏదీ రోడ్డు మీదకు పనికిరాదు. మన దగ్గర ఏ మోడలైనా ఏరాయ్, ఐక్యాట్ లాంటి వాహన పరీక్షా సంస్థల దగ్గర పాసై అనుమతి తెచ్చుకోవాలి. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 అనే పొగ ప్రమాణం తప్పనిసరి, 125 సీసీ దాటితే 2019 నుంచే ఏబీఎస్, అంటే బ్రేకు వేస్తే చక్రం బిగుసుకుపోకుండా చూసేది, తప్పనిసరి. ఆర్టీవో ఆఫీసులో రిజిస్ట్రేషన్‌కు అమ్మకం పత్రం అంటే ఫారం 21, తయారీదారు ఇచ్చే ఫారం 22, రెండూ కావాలి. అమ్మేవాడిని "ఫారం 22 ఇస్తారా" అని ఒక్క మాట అడగండి, మాట దాటేస్తే అది తోటలో తిప్పుకునే బండి మాత్రమే, నంబరు రాదు, ఇన్సూరెన్సు రాదు, రోడ్డు మీద ఎవరికైనా తగిలితే ఆ కుటుంబమూ మీరూ ఇద్దరూ రోడ్డున పడతారు. అమెరికా వీడియోల్లోని బండ్లు ఇక్కడ దొరకకపోవడానికీ కారణం ఇదే. మన అనుమతి తెచ్చుకొని ఎవరో ఒకరు అమ్మకానికి పెడితే తప్ప విడిగా తెప్పించుకొని నంబరు వేయించుకోవడం సామాన్యుడి వల్ల అయ్యే పని కాదు.

అందుకే మనకు "చైనా బండి" అంటే ఆచరణలో మిగిలేవి బెనెల్లి, జోంటెస్ లాంటివి. బెనెల్లి పేరుకు ఇటలీ, 2005 నుంచి యజమాని మాత్రం చైనాలోని చియాన్‌జియాంగ్. వీటిలో చాలావరకు అడ్వెంచర్ టూరర్లే, అంటే దూరప్రయాణాల బరువైన బండ్లే, నిజంగా మట్టి కోసం పుట్టిన తేలికపాటి డ్యూయల్ స్పోర్ట్ కాదు. ఈ తేడా షోరూంలో నిలబడి చూస్తే తెలియదు, పెన్న ఇసుకలో దిగితే తెలుస్తుంది.

చైనా అంటే నాసిరకం అనే మాట మాత్రం నేను ఒప్పుకోను. కేటీఎం 790 బండ్లు చైనాలో సీఎఫ్‌మోటో ఫ్యాక్టరీలో తయారయ్యాయి, బీఎండబ్ల్యూ ఎఫ్ 850 జీఎస్ ఇంజిన్ చేసి ఇచ్చింది లోన్సిన్ అనే చైనా కంపెనీ. చేయడం చేతకాక కాదు, ఎంత డబ్బుకు ఎంత నాణ్యత అడిగితే అంత చేసి ఇస్తారు. మా బామ్మర్ది బండి ఇంజిన్ ఇప్పటిదాకా ఏ తకరారూ పెట్టలేదు. పెయింటు, వెల్డింగు, లైట్లు, రంగుల డిస్‌ప్లే, అన్నీ నా బండి కంటే ఒక మెట్టు పైనే. రాత్రి కూడేరు రోడ్డులో దాని హెడ్‌లైటు వేస్తే ఎదురుగా గొర్రెల మంద ఉంటే చాలా ముందే కనిపిస్తుంది. 44 నంబరు హైవే ఎక్కి బెంగళూరుకో కర్నూలుకో పోవాలంటే నేనూ ఆ బండి తాళమే అడుగుతా. నూటపది మీద కూడా కుదురుగా పోతుంది. 19 పీఎస్ శక్తి ఉన్న నా బండి ఎనభై తొంభై మధ్య హాయిగా పోతుంది, దాన్ని చేసింది ఆ వేగానికే.

ఇప్పుడు అసలు విషయం. పామిడి దగ్గర పెన్న దాటేటప్పుడు ఇసుకలో మా బామ్మర్ది బండి పక్కకు పడింది. వేగం లేదు, మనిషికి గీత కూడా పడలేదు. కానీ ముందు బ్రేకు లివర్ మొదలంటా విరిగింది, గేర్ లివర్ వంగింది. గేర్ లివర్ ఇనుముది కాబట్టి సుత్తితో సరిచేసుకున్నాం. బ్రేకు లివర్ కోసం మా మెకానిక్ భాయ్ దగ్గరున్న పాత డబ్బాలన్నీ వెతికాడు, మన బండ్ల లివర్లు నాలుగైదు పెట్టి చూశాడు, ఏదీ కూర్చోలేదు. మాస్టర్ సిలిండర్ దగ్గర బోల్టు రంధ్రం సైజు వేరు, పిస్టన్‌ను నొక్కే కొన ఆకారం వేరు. బ్రేకు విషయంలో రాసి సరిచేస్తా అంటే నేనే వద్దన్నా. అనంతపురంలో ఆ కంపెనీ షోరూం లేదు. రెండొందల కిలోమీటర్లు పైన ఉన్న బెంగళూరు డీలరుకు ఫోన్ చేస్తే స్టాకు లేదు, ఆర్డరు పెడతాం అన్నారు. ఒక లివర్ కోసం వారాలు పోయాయి. ఆ వారాలన్నీ బండి కవరు కప్పుకొని ఉంది, ఈఎంఐ మాత్రం నెల నెలా కట్ అయింది. వాడు ఒకరోజు వచ్చి "బావా, నీ బండి ఈరోజుకు ఇస్తావా" అని అడిగితే నాకు చాలా బాధేసింది.

సర్వీసు సంగతీ అంతే. వారంటీ పోకూడదంటే అధీకృత సర్వీసుకే పోవాలి, అంటే సర్వీసు కోసమే పోనూ రానూ నాలుగొందల కిలోమీటర్లు. కొత్త బండికి మొదటి వెయ్యి కిలోమీటర్లలో దాదాపు సగం అక్కడికి పోయి రావడానికే అయిపోయాయి. హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉండేవాళ్ళకు ఈ సమస్య ఇంత ఉండదు, వాళ్ళ సమీక్షల్లో ఇది కనపడదు కూడా. పల్లె చుట్టూ తిరిగే మనలాంటి వాళ్ళు వాటిని చదివి నిర్ణయం తీసుకుంటే కష్టం. ఇంకో సంగతి, ఈ బ్రాండ్లకు ఇక్కడ పంపిణీదారులు మారుతుంటారు. బెనెల్లినే చూడండి, 2018లో పుణె సంస్థ నుంచి హైదరాబాదు సంస్థ చేతికి మారింది. మారినప్పుడల్లా పాత బండ్ల యజమానులకు టెన్షన్ తప్పదు.

నా ఎక్స్‌పల్స్ ఇదే ఇసుకలో, ఇదే కాలువ గట్ల మీద చాలాసార్లు పడింది. 158 కిలోల బండి కాబట్టి ఒక్కణ్ణే లేపుకుంటా. బామ్మర్దిది రెండు క్వింటాళ్ళకు దగ్గర, ఎవరైనా వచ్చేదాకా పక్కన నిలబడాల్సిందే, మే నెల ఎండలో తోటల మధ్య మనిషి ఎప్పుడొస్తాడు? లివర్లు, క్లచ్ కేబుల్, బ్రేకు ప్యాడ్లు టౌన్‌లో ఏ పెద్ద స్పేర్ పార్టుల షాపులో అడిగినా అదే రోజు దొరుకుతున్నాయి. ముందు 21 అంగుళాలు, వెనక 18 అంగుళాల చక్రం, 220 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్సు, ముందు సస్పెన్షన్ 190 మిల్లీమీటర్లు కదులుతుంది. ఈ అంకెలు కాగితం మీద ఊరికే ఉన్నట్టు కనిపిస్తాయి, కానీ వంకలో గుండ్రాళ్ళ మీద పెద్ద చక్రం రాయి ఎక్కి దిగే తీరు, చిన్న చక్రం రాయికి తగిలి హ్యాండిల్ లాగేసే తీరు రెండూ చేతులకు తెలుస్తాయి. ఏబీఎస్ ముందు చక్రానికే ఉండటం వల్ల మట్టి దిగుడులో వెనక బ్రేకు పూర్తిగా మన అదుపులోనే ఉంటుంది, నాకిది బాగా నచ్చింది. సీటు ఎత్తు 825 మిల్లీమీటర్లు, మామూలు ఎత్తు మనిషికి కాళ్ళు ఆనుతాయి. ప్రో అనే రకం 891 ఉంటుంది, పైపు చుట్టలు కట్టుకొని దిగి ఎక్కేవాళ్ళకు అది వద్దు. మైలేజీ నాకు నలభైకి అటూ ఇటూగా వస్తోంది, 13 లీటర్ల ట్యాంకు నింపితే వారం పని సగానికి పైనే గడుస్తుంది.

ముళ్ళ గురించి చెప్పకపోతే మన సీమ బండి సమీక్ష పూర్తి కాదు. సర్కారు తుమ్మ ప్రతి గట్టు మీదా ఉంది, నరికి పడేసిన కొమ్మల ముల్లు ఎండాక మేకులాగే దిగుతుంది. ఇక్కడ చైనా బండికే మార్కులు, దానివి ట్యూబ్‌లెస్ టైర్లు. ముల్లు దిగినా గాలి మెల్లగా పోతుంది, దారం లాంటి ప్లగ్గు పెట్టి పది నిమిషాల్లో బయలుదేరొచ్చు. నాది స్పోకులు, ట్యూబు. టైరు విప్పాలి, ట్యూబు తీయాలి, ప్యాచ్ వేయాలి, మళ్ళీ ఎక్కించాలి. అందుకని రెండు టైరు లివర్లు, చిన్న పంపు, ప్యాచ్ కిట్టు, ఒక 21 అంగుళాల ట్యూబు ఎప్పుడూ సంచిలో ఉంటాయి. 21 ట్యూబును అవసరానికి వెనక 18 టైర్లో కూడా మడిచి పెట్టి ఇంటికి రావొచ్చు, తర్వాత మార్చేయాలి. అయితే బామ్మర్ది బండికున్న అల్లాయ్ చక్రం నాపరాయి అంచుకు గట్టిగా తగిలి వంగితే దారిలో చేసేదేం లేదు, స్పోకుల చక్రాన్ని మా భాయ్ బిగించి సరిచేస్తాడు. తాడిపత్రి వైపు నాపరాయి గనుల దారుల్లో ఎక్కువగా తిరిగేవాళ్ళు ఇది ఆలోచించండి.

అదే తాడిపత్రి, ఉరవకొండ వైపు నల్లరేగడిలో వాన పడితే ఏ బండీ బండి కాదు. చక్రానికి ఆనుకొని ఉండే మడ్‌గార్డు అయితే మట్టి ఇరుక్కుని చక్రం తిరగడమే ఆగిపోతుంది. బామ్మర్ది బండి ముందు మడ్‌గార్డు విప్పి చేత్తో పట్టుకొచ్చిన రోజు కూడా ఉంది.

రెండు బండ్లకూ పనికొచ్చే జాగ్రత్త ఒకటుంది. కొత్తలోనే, మొదటి మట్టిదారి తిరిగొచ్చాక, నట్లు బోల్టులన్నీ ఒకసారి రెంచీతో చూడండి, ముఖ్యంగా హ్యాండిల్ క్లాంపులు, ఫుట్‌రెస్టులు, సైలెన్సర్, క్యారియర్. ఎక్కువగా వదులయ్యే చోట బోల్టును పట్టి ఉంచే నీలిరంగు లాక్‌టైట్ జిగురు ఒక చుక్క చాలు. ఎయిర్ ఫిల్టర్ పుస్తకంలో రాసిన గడువు మన దుమ్ముకు సరిపోదు, దానికంటే ముందే తీసి చూడాలి. చైన్‌కు మట్టిలో మరీ ఎక్కువ నూనె పూస్తే దుమ్ము అంటుకొని స్ప్రాకెట్‌ను అరగదీస్తుంది, తుడిచి పలుచగా పట్టించండి.

ధర విషయానికొస్తే 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు బండ్లకు జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, ఆ పైవాటికి 40 అయింది. 348 సీసీ జోంటెస్ లాంటివి ఈ గీత కింద ఉంటాయి, 452 సీసీ రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ పైకి పోయింది. ఎక్స్‌పల్స్ 200 చాలదు, కొంచెం హైవే కూడా కావాలి అనేవాళ్ళకు ఎక్స్‌పల్స్ 210 ఉంది. లిక్విడ్ కూలింగ్, ఆరు గేర్లు, 24.6 పీఎస్. 2025 జనవరిలో లక్షా 76 వేల దగ్గర మొదలైంది, పన్ను తగ్గాక ఇంకా దిగింది. నేను ఇప్పుడు కొనాల్సి వస్తే అదే చూస్తా.

ఇంత చదివాక కూడా చైనా బండే కావాలంటే, వారాంతంలో గండికోట, బెలూం వైపు తారురోడ్ల మీద తిరగడానికి అయితే తీసుకోండి, మంచి బండ్లే. బుకింగ్ డబ్బు కట్టే ముందే డీలరును అడిగి రెండు బ్రేకు, క్లచ్ లివర్లు, ఒక సెట్టు ప్యాడ్లు, ఒక క్లచ్ కేబుల్, ఎయిర్ ఫిల్టర్, గేర్ లివర్ బిల్లులో కలిపి డెలివరీ రోజే ఇమ్మనండి. అవి ఇప్పుడే ఇవ్వలేకపోతే తర్వాత అవసరానికి కూడా ఇవ్వలేరు. మా బామ్మర్ది ఇప్పుడు అవన్నీ బీరువాలో పెట్టుకున్నాడు, పనికి మాత్రం సెకండ్ హ్యాండ్ ఎక్స్‌పల్స్ వెతుకుతున్నాడు. గుత్తి, ధర్మవరం వైపు ఎవరి దగ్గరైనా స్పోకులు సరిగ్గా ఉండి, ముందు ఫోర్కు నూనె కారకుండా ఉన్న 4వీ బండి ఉంటే చెప్పండి.