పాత పత్రికలు దాచడానికి కాగితమా, మైక్రోఫిల్మా, స్కానా: ఏది మేలు?

పెద్ద దినపత్రికల పాత సంచికలు ఏదో ఒక జాతీయ గ్రంథాలయంలో దొరుకుతాయి. గండం ఉన్నది చిన్నవాటికి. జిల్లా వారపత్రిక, ఓ సంఘం తనవాళ్ల కోసం వేసుకున్న మాసపత్రిక, నాలుగేళ్లు నడిచి అప్పులతో మూతబడ్డ పక్షపత్రిక, ఇలాంటివాటికి చాలాసార్లు మిగిలేది ఒకే ఒక్క సెట్టు. అది ఏ అటక మీదో, సంపాదకుడి వారసుల ఇంట్లోనో ఉంటుంది. "స్కాన్ చేసి నెట్‌లో పెట్టేస్తే సరిపోతుంది కదా" అని అందరూ అంటారు. స్కాన్ చెయ్యాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ స్కాన్ అయ్యాక ఆ కాగితాన్ని ఏం చేస్తాం? ఆ ఫైళ్లను పదేళ్ల తర్వాత ఎవరు చూసుకుంటారు? ఏ స్కానర్ కొనాలి అన్నదానికన్నా ఈ రెండు ప్రశ్నలే ముఖ్యమని నా గట్టి నమ్మకం. కాగితం, మైక్రోఫిల్మ్, డిజిటల్ మూడింటినీ ఈ దృష్టితోనే పక్కపక్కన పెట్టి చూద్దాం.

కాగితం సంగతి

కాగితం ఎంత పాతదైతే అంత పాడై ఉంటుందని అనుకుంటాం. పత్రికల విషయంలో ఇది చాలాసార్లు తారుమారు. 1790ల నాటి పత్రిక ఇవాళ్టికీ మడత పెట్టినా విరగకపోవచ్చు, 1930ల నాటిది ముట్టుకుంటేనే పొడి రాలొచ్చు. తేడా తయారీలో ఉంది. 19వ శతాబ్దం సగం గడిచేదాకా కాగితాన్ని ఎక్కువగా గుడ్డపీలికల నారతో చేసేవారు. తర్వాత చెక్క గుజ్జు వచ్చింది. చెక్కలో ఉండే లిగ్నిన్ వెలుతురు, గాలి తగిలితే పసుపెక్కుతుంది. సిరా పాకకుండా వాడిన పటిక వల్ల కాగితంలో ఆమ్లం పుట్టి, నార పోగులను మెల్లమెల్లగా తెంచేస్తుంది. న్యూస్‌ప్రింట్ అసలు ఒక్క రోజు చదివి పక్కన పడేయడానికి తయారైన సరుకు.

అలాంటి బైండు సంపుటం ఒకటి తెరిచి చూడండి. అంచులు ముదురు గోధుమ రంగులో ఉంటాయి, లోపలికి వెళ్లేకొద్దీ రంగు లేతబడుతుంది, ఎందుకంటే గాలి ముందు తగిలేది అంచుకే. పేజీ మధ్యలో అడ్డంగా మడత పడ్డచోట ఒక వరుస అక్షరాలు మొత్తం పోయి ఉంటాయి. కుట్టు వైపు కాలమ్‌లో సగం మాటలు దారం కిందికి దూరిపోతాయి. ఎప్పుడో ఎవరో జాగ్రత్త కొద్దీ అంటించిన సెల్లోటేపు ఊడిపోయి, దాని జిగురు మాత్రం వార్త మీద మరకలా మిగిలిపోతుంది. ప్లాస్టిక్ లామినేషన్ అయితే అంతకన్నా దారుణం. వేడికి కాగితం ఇంకా పెళుసెక్కుతుంది, ఒకసారి అతుక్కున్న ప్లాస్టిక్ మళ్లీ రాదు.

కాగితాన్ని బతికించడం కష్టమే గానీ అసాధ్యం కాదు. బ్రిటిష్ లైబ్రరీ లండన్‌లోని కాలిండేల్ పత్రికల భవనాన్ని 2013లో మూసేసి, సంపుటాలన్నీ ఉత్తర ఇంగ్లండ్‌లోని బోస్టన్ స్పా అనే ఊళ్లో కట్టిన కొత్త భవనానికి తరలించింది. అక్కడ చల్లదనం, తేమ ఎప్పుడూ ఒకే తీరున ఉంటాయి. నిప్పు అంటుకోకుండా గాలిలో ఆక్సిజన్ కూడా తగ్గించారు. సంపుటాలను తీసేదీ పెట్టేదీ యంత్రాలే. అంత పెట్టుబడి ఊరి గ్రంథాలయానికి ఎక్కణ్నుంచి వస్తుంది? అయినా ఆమ్లం లేని అట్టపెట్టెల్లో బల్లపరుపుగా పడుకోబెట్టడం, పురికొస బిగించి కట్టలు కట్టకపోవడం, ఎండ తగలని, చెమ్మ లేని గదిలో ఉంచడం ఎవరైనా చెయ్యగలిగినవే. ఈ మాత్రం చేసినా కాగితం ఆయుష్షు చాలా పెరుగుతుంది.

కాగితానికి ఉన్న గొప్ప బలం, చదవడానికి యంత్రం అక్కర్లేదు. బలహీనత కూడా పెద్దదే: ఒక్క చోటే ఉంటుంది, ఒక్కరే చూడగలరు, తెరిచిన ప్రతిసారీ కొంత రాలుతుంది.

మైక్రోఫిల్మ్ ఇచ్చిందేమిటి, పోగొట్టిందేమిటి

ఇరవయ్యో శతాబ్దంలో గ్రంథాలయాలన్నీ నమ్ముకున్న దారి ఇది. 35 మిల్లీమీటర్ల ఫిల్మ్ మీద పేజీలను చిన్నవి చేసి ఫొటో తీస్తారు. అమెరికాలో 1982లో మొదలైన జాతీయ పథకం కింద రాష్ట్రాలవారీగా ఊరూరి పత్రికలనూ జాబితా చేసి, ఫిల్మ్‌కి ఎక్కించారు. పాలియెస్టర్ ఫిల్మ్‌ను సరైన చల్లదనంలో ఉంచితే 500 ఏళ్లు నిలుస్తుందని ప్రమాణాలు చెబుతాయి. కరెంటు పోయినా, కంపెనీ మూతబడినా ఒక దీపం, ఒక భూతద్దం ఉంటే చదువుకోవచ్చు. ఈ ఒక్క గుణంలో ఫిల్మ్‌కి ఇప్పటికీ సాటి లేదు.

అయితే పాత రీళ్లలో చాలా భాగం పాలియెస్టర్ కాదు, అసిటేట్ అనే పాతరకం ప్లాస్టిక్. అది చెడిపోవడం మొదలైతే డబ్బా మూత తియ్యగానే వెనిగర్ వాసన గుప్పుమంటుంది. ఆ ఆవిరి పక్క రీళ్లకూ తగులుతుంది. వాసన పసిగట్టిన రోజే ఆ రీలును వేరు చేసి, కాపీ తీయించాలి.

ఫిల్మ్ చేసిన అసలు నష్టం వేరే ఉంది. "ఫిల్మ్ ఉంది కదా" అని చాలా గ్రంథాలయాలు కాగితం సంపుటాలను వదిలించుకున్నాయి. తీరా చూస్తే ఫిల్మ్‌లో కొన్ని పేజీలు లేవు, కొన్ని మసకగా వచ్చాయి. ఆ ఫిల్మ్ నలుపు తెలుపుల్ని కొట్టొచ్చినట్టు పట్టడానికి చేసింది కాబట్టి ఫొటోలు నల్లటి ముద్దలయ్యాయి, ఆదివారం అనుబంధాల రంగులు పూర్తిగా పోయాయి. బ్రిటిష్ లైబ్రరీ తన దగ్గరున్న అమెరికన్ పత్రికల సంపుటాలను వదిలించుకుంటుంటే చూసి ఉండలేక, ఒక అమెరికన్ రచయిత 1999లో సొంత డబ్బు కూడా పెట్టి వేల సంపుటాలు కొన్నాడు. అవి 2004లో డ్యూక్ విశ్వవిద్యాలయానికి చేరాయి. ఆయన ముందుకు రాకపోతే వాటిలో కొన్నిటి రంగు పేజీలు ఇవాళ ఎక్కడా ఉండేవి కావు. స్కాన్ చేశాం కదా అని కాగితం పారేద్దామనేవాళ్లకు ఈ ఒక్క సంగతి చాలనుకుంటాను.

స్కాన్ దగ్గరికి వస్తే

అందరికీ అందేది, వెతకడానికి వీలయ్యేది డిజిటలే. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2007లో తెరిచిన పాత పత్రికల వెబ్‌సైట్ క్రానిక్లింగ్ అమెరికాలో రెండు కోట్లకు పైగా పేజీలున్నాయి. న్యూజీలాండ్‌లో అలాంటిదే పేపర్స్ పాస్ట్ 2001 నుంచీ నడుస్తోంది. అందులో చిన్న పట్టణాల పత్రికలతో పాటు మావోరీ భాషా పత్రికలూ ఉన్నాయి. ఎవరో తన ముత్తాత పేరు టైపు చేస్తే నూట ఇరవై ఏళ్ల నాటి పెళ్లి వార్త కళ్ల ముందుకొస్తుంది. కాగితం, ఫిల్మ్ ఈ పని జన్మలో చెయ్యలేవు.

ఇక్కడ ముందు తేల్చుకోవాల్సింది: కాగితం నుంచి స్కాన్ చెయ్యాలా, ఫిల్మ్ నుంచా? ఫిల్మ్ నుంచి చేస్తే చవక, పని చకచకా సాగుతుంది. క్రానిక్లింగ్ అమెరికా పేజీల్లో ఎక్కువ భాగం అలా వచ్చినవే. కానీ ఫిల్మ్‌లో ఉన్న లోపాలన్నీ స్కాన్‌లోకీ వస్తాయి. కాగితం చేతిలో ఉండి, అది ఒకసారి పేజీ తిప్పడానికి ఓర్చుకుంటుందంటే నేను కాగితం వైపే. ఫీడర్‌లో లాగే స్కానర్ మాత్రం దగ్గరికి రానివ్వకూడదు. పైనుంచి ఫొటో తీసే కెమెరా స్టాండు, రెండు పక్కలా లైట్లు, సంపుటం కుట్టు మీద ఒత్తిడి పడకుండా కింద ఆనుడు ఉంటే చాలు. కుట్టు మరీ బిగుతుగా ఉండి లోపలి కాలమ్ కనబడకపోతే, బైండింగ్ విప్పడం తెలిసినవాళ్ల చేతే విప్పించాలి.

తర్వాత ఫైళ్ల సైజు. 24 అంగుళాల పొడవు, 16 అంగుళాల వెడల్పు ఉన్న పేజీని అంగుళానికి 400 చుక్కల చొప్పున తీస్తే 6 కోట్ల పిక్సెళ్లు దాటుతుంది. కుదించకుండా రంగుల్లో దాస్తే పేజీకి దాదాపు 184 మెగాబైట్లు. ఎనిమిది పేజీల వారపత్రికకు ఏడాదికి 416 పేజీలు, ముప్ఫై ఏళ్లకు 12,480. మొత్తం 2.3 టెరాబైట్లు. వినగానే టెన్షన్ పుడుతుంది గానీ ఇది ఒక మామూలు హార్డ్‌డిస్క్‌లో పట్టేదే. అందుకే "స్థలం సరిపోదు" అని పేజీలను బాగా కుదించి పీడీఎఫ్ ఒక్కటే ఉంచుకోవడం నాకు ఎంతమాత్రం ఇష్టం లేదు. అసలు స్కాన్ ఫైలును, అంటే మూలాన్ని, టిఫ్ అనే బొమ్మ ఫార్మాట్‌లోనో, నాణ్యత పోకుండా కుదించే జేపెగ్ 2000లోనో దాచాలి. చదివేవాళ్లకు ఇచ్చే పీడీఎఫ్ దాన్నుంచి ఎన్నిసార్లయినా తయారవుతుంది. పీడీఎఫ్ నుంచి మూలం తిరిగి రాదు.

బొమ్మలోని అక్షరాలను యంత్రం చదివి టెక్స్ట్‌గా మార్చడాన్ని ఓసీఆర్ అంటాం. తెలుగు లాంటి లిపిలో ఇది ఇంకా కష్టం. పాత సీసపు అచ్చులో ప, వ ఇట్టే కలిసిపోతాయి. మ, య అంతే. ఏ ఏడాది ఏరు పొంగిందో తెలుసుకుందామని ఒకరు "వరద" అని వెతుకుతారు. యంత్రం దాన్ని "పరద" అని చదివి పెట్టుకుంటే వార్త అక్కడే ఉన్నా దొరకదు. ఇరుకు కాలమ్‌లో చోటు చాలక గీత కూడా పెట్టకుండా మాటను విరిచి కింది వరుసకు తోసేస్తే అదీ దొరకదు. ఒత్తు అరిగిపోతే సరేసరి. ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం తన ఆన్‌లైన్ భాండాగారం ట్రోవ్‌లో దీనికి చక్కని ఉపాయం చేసింది. స్కాన్ పక్కనే టెక్స్ట్ చూపించి, తప్పు కనబడితే పాఠకులనే దిద్దమంది. జనం ఇప్పటికి పదుల కోట్ల వరుసలు దిద్దారు. ఓసీఆర్ బాగా రాలేదని స్కానింగ్ పని మాత్రం ఆపొద్దు. మంచి బొమ్మ ఉంటే రేపు ఇంతకన్నా మెరుగైన యంత్రం మళ్లీ చదువుతుంది.

ఎక్కడ పెట్టాలి?

నా లెక్కలో అన్నిటికన్నా కష్టమైన ఎంపిక ఇదే. డిజిటల్ ఫైలు కాగితంలా మెల్లగా పాడవదు. ఉన్నంతకాలం నిక్షేపంలా ఉంటుంది, పోయినరోజు మొత్తం పోతుంది. బ్రిటన్ జనజీవితాన్ని నమోదు చెయ్యడానికి బీబీసీ 1986లో తెచ్చిన డోమ్స్‌డే ప్రాజెక్టును లేజర్‌డిస్కుల మీద దాచారు. పదిహేనేళ్లు తిరిగేసరికి వాటిని చదివే యంత్రాలే కరువయ్యాయి.

సొంత వెబ్‌సైట్ పెట్టుకుంటే పెత్తనం మీదే. కానీ దాన్ని చూసుకునే ఒక్క మనిషి మానేస్తే, డొమైన్ రుసుము ఒక ఏడాది కట్టకపోతే అంతటితో సరి. పెద్ద కంపెనీకి అప్పగిస్తే ఖర్చు వాళ్లది, నిర్ణయమూ వాళ్లదే. గూగుల్ 2008లో పాత పత్రికల స్కానింగ్ మొదలుపెట్టి 2011లో ఆపేసింది. చందా పద్ధతిలో నడిచే సంస్థలు పని నాణ్యంగానే చేస్తాయి. 2011లో వచ్చిన బ్రిటిష్ న్యూస్‌పేపర్ ఆర్కైవ్ అందుకు ఉదాహరణ. కానీ ఆ పత్రికను నడిపిన ఊరివాళ్లే తమ పత్రిక చదవడానికి డబ్బు కట్టాల్సి రావడం నాకు మింగుడుపడదు.

ప్రభుత్వ గ్రంథాలయాలు, ఇంటర్నెట్ ఆర్కైవ్ లాంటి ఉచిత భాండాగారాలు వీటికన్నా మేలు. అలాగని నిశ్చింతగా ఉండలేం. 2023లో నిధులు అయిపోవస్తున్నాయని ట్రోవ్ మూసివేత దాకా వెళ్లింది, ప్రభుత్వం డబ్బు ప్రకటించాకే నిలబడింది. అదే ఏడాది అక్టోబరులో సైబర్ దాడికి బ్రిటిష్ లైబ్రరీ ఆన్‌లైన్ సేవలు నెలల తరబడి ఆగిపోయాయి. 2024 అక్టోబరులో ఇంటర్నెట్ ఆర్కైవ్‌కీ దాడి తగిలి కొన్నాళ్లు తెరుచుకోలేదు. కాబట్టి ఏదో ఒకటి ఎంచుకోవడం కాదు, కనీసం రెండు చోట్ల పెట్టడమే దారి. ఒకటి ప్రజా భాండాగారంలో, ఒకటి స్థానిక గ్రంథాలయంలో హార్డ్‌డిస్క్ మీద. వీలైతే మూడోది వేరే ఊళ్లో. ప్రతి ఫైలుకూ చెక్‌సమ్ (ఫైలు నుంచి కంప్యూటర్ లెక్కగట్టే గుర్తు సంఖ్య, ఫైలు మారితే అదీ మారుతుంది) రాసి పెట్టుకుని ఏడాదికోసారి సరిచూస్తే, తెలియకుండా చెడిపోయిన ఫైలు వెంటనే బయటపడుతుంది. హార్డ్‌డిస్కులను ఐదారేళ్లకోసారి మార్చాలి. ఈ పని ఎవరిదో కాగితం మీద పేరుతో సహా రాసి ఉండాలి.

కాపీరైట్ గురించి ఒక్క మాట. గడువు దాటినవాటికి గొడవ లేదు, దాటనివాటికి యజమాని లేదా వారసుల సంతకం తీసుకోవాలి. సంతకం తీసుకునేటప్పుడే ఒక వాక్యం చేర్పించండి: ఈ స్కాన్లను ఎవరికీ ఏకహక్కుగా ఇవ్వబోమని. తర్వాత ఎవరు అడిగినా మరో చోట పెట్టడానికి అడ్డు ఉండదు.

ఏది మేలంటే

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నా సలహా: కాగితాన్ని ఉంచుకుని, దాన్నుంచి నాణ్యంగా స్కాన్ చెయ్యండి. కొత్తగా మైక్రోఫిల్మ్ తీయించే స్తోమత చిన్న సంస్థకు ఉండదు, దానికోసం ఆగక్కర్లేదు. పాత ఫిల్మ్ ఉంటే మాత్రం అది అక్షరాలా ఆస్తి, పారేయొద్దు. కాగితం పోయి ఫిల్మ్ ఒక్కటే మిగిలితే దాన్నే స్కాన్ చెయ్యండి, అసిటేట్ రీళ్లు ముందు. డబ్బు అసలే లేకపోతే బ్రిటిష్ లైబ్రరీ 2004 నుంచి నడుపుతున్న ఎండేంజర్డ్ ఆర్కైవ్స్ ప్రోగ్రామ్ లాంటివి అంతరించిపోయేవాటికి గ్రాంటు ఇస్తాయి. వాళ్ల పద్ధతిలో అసలు ప్రతులు పుట్టిన దేశం దాటి పోవు.

డబ్బు కొంచెమే ఉంటే ఎక్కువమంది అడిగే పత్రికతో మొదలుపెట్టాలని అనిపిస్తుంది. అలా చెయ్యొద్దు. ఇంకెక్కడా లేదని తేలినదాన్ని ముందు తియ్యండి. సంచికల జాబితా రాసి, ఏ తేదీ లేదో, ఏ పేజీ చిరిగిందో గుర్తుపెట్టి, పక్క గ్రంథాలయాలకు పంపండి. లేని సంచిక వాళ్ల దగ్గర దొరకొచ్చు. కెమెరా బిగించే ముందే ఈ జాబితా పూర్తికావాలి.