పీజీ అయ్యాక విశాఖలో ఏది మేలు: ప్లేస్‌మెంట్ సెల్లా, ఎస్సీ ఎస్టీ కెరీర్ కేంద్రమా?

పాడేరు, అరకు వైపు నుంచి వచ్చి ఆంధ్రా యూనివర్సిటీలో పీజీ చేస్తున్న మన పిల్లలు ఏటా నన్ను అడిగేది ఇదే. ఒకప్పుడు బీఈడీ చేస్తే చాలు, ఏజెన్సీలో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న ధీమా ఉండేది. ఆ పోస్టులు అలా ఇవ్వమన్న ప్రభుత్వ ఉత్తర్వు, జీవో 3ని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేశాక ఆ ధీమా పోయింది.

కంపెనీలను రప్పించి ఉద్యోగాలు ఇప్పించే ప్లేస్‌మెంట్ సెల్ క్యాంపస్‌లోనే ఉంది. ఇంజినీరింగ్, ఎంబీఏ వాళ్లకి ముందు అక్కడికే వెళ్లమంటాను. కంపెనీలు ఎక్కువగా వెతికేది వాళ్లనే. బోటనీ, ఆంత్రోపాలజీ, తెలుగు చదివినవాళ్లు మాత్రం దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు.

కేంద్ర కార్మిక శాఖ నడిపే ఎస్సీ, ఎస్టీల జాతీయ కెరీర్ సర్వీస్ కేంద్రం విశాఖలోనూ ఉంది. కేంద్ర ప్రభుత్వ గ్రూప్-సి (గుమాస్తా స్థాయి) ఉద్యోగ పరీక్షలకు అక్కడ 11 నెలల కోచింగ్ ఉచితం, నెలకు 1,000 రూపాయల స్టైపెండ్. ‘పీజీ చదివి గ్రూప్-సి పరీక్షలకా?’ అని చాలామంది చిన్నబుచ్చుకుంటారు. కానీ అక్కడ చెప్పే లెక్కలు, రీజనింగ్, ఇంగ్లిషే బ్యాంకు పీవో పరీక్షకీ పునాది.

ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. హాస్టల్ ఖాళీ చేశాక ఏడాదిపాటు విశాఖలో ఎలా ఉంటారు? మా చెల్లి ఎమ్మెస్సీ అయిన రోజు ట్రంకు పెట్టె పక్కన పెట్టుకుని హాస్టల్ వరండాలో కూర్చుంది. “అద్దె డబ్బులు నాన్నని ఎలా అడగనక్కా?” అంది. మాకు కాఫీ, మిరియాల డబ్బు ఏడాదికి ఒక్కసారే చేతికొస్తుంది. అద్దె మాత్రం ప్రతి ఒకటో తారీఖునా కట్టాలి. వెయ్యి రూపాయలతో అద్దె గడవదు, నిజమే. అయినా ఫీజు లేదు కాబట్టి నాన్న ఇచ్చిందంతా గదికీ తిండికీ సరిపెట్టుకోవచ్చు. ద్వారకానగర్‌లోని ప్రైవేటు కోచింగులో చేరితే ఆ డబ్బు ముందే ఫీజుకి పోతుంది. అందుకే మేం ఆ కెరీర్ కేంద్రం వైపే మొగ్గాం.

సబ్జెక్టు మీద ప్రేమ ఉన్నవాళ్లు పీజీ రెండో ఏడాదిలోనే నెట్ (లెక్చరర్ అర్హతకు, పరిశోధన ఫెలోషిప్‌కు పెట్టే జాతీయ పరీక్ష) రాయండి. అందులో జేఆర్ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే నెలకు 37,000 రూపాయలు. పీహెచ్‌డీలో చేరాక ఎస్టీలకు ఏటా ఇచ్చే 750 జాతీయ ఫెలోషిప్‌లకూ దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఎంప్లాయిమెంట్ ఎక్స్ఛేంజ్ కార్డు కూడా తీసుకోండి, నష్టం లేదు.

దేనికి వెళ్లినా కుల, ఆదాయ సర్టిఫికెట్లు హాస్టల్లో ఉండగానే తెప్పించి పెట్టుకోండి. మా చెల్లి ఆ కాగితాల కోసమే రెండుసార్లు ఘాట్ రోడ్డెక్కి ఊరికి వెళ్లొచ్చింది.