పాత వీసీఆర్, కొత్త టీవీ: ఏ వైరుతో బొమ్మ బాగుంటుంది?

తొంభైల్లో కొన్న మా పానాసోనిక్ వీసీఆర్ ఇప్పటికీ బ్రహ్మాండంగా పనిచేస్తోంది. అప్పటి డబ్బా టీవీ పోయింది, ఇప్పుడది ఎల్‌ఈడీ టీవీ పక్కన కూర్చుంది. ఇన్నేళ్లలో దాన్ని మూడు రకాలుగా కలిపి వాడాను. మీ టీవీకి ఏవీ జాక్ (పసుపు, తెలుపు, ఎరుపు వైర్లు గుచ్చే చోటు) ఉంటే మాత్రం ఇంక దేని జోలికీ పోవద్దు.

మొదట్లో యాంటెన్నా వైరే దిక్కు. వీసీఆర్ తన బొమ్మను ఒక ఛానెల్‌లా పంపేది. టీవీని ఆ ఛానెల్‌కి ట్యూన్ చేసుకుంటే చాలు. బొమ్మ, సౌండ్ ఒకే వైరులో రావడం సుఖమే కానీ, తెర మీద చుక్కలు, వెనకాల సన్నగా గుయ్‌మనే చప్పుడు తప్పేవి కావు.

ఏవీ వైరు పెట్టాక తేడా కొట్టొచ్చినట్టు కనిపించింది. పసుపు పిన్ను బొమ్మకి, తెలుపు, ఎరుపు సౌండ్‌కి. మోనో వీసీఆర్ అయితే తెలుపు ఒక్కటే సరిపోతుంది. ఒక్కటి గుర్తుంచుకోండి: వీసీఆర్‌లో అవుట్, టీవీలో ఇన్.

కొత్త టీవీలతో వచ్చే చిక్కు వేరు. చాలావాటిలో మూడు రంధ్రాల బదులు ఇయర్‌ఫోన్ సైజు రంధ్రం ఒకటే ఉంటుంది. దానికి పట్టే వైర్లన్నీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, లోపలి కనెక్షన్లు మాత్రం వేరు. బొమ్మ రాకుండా స్పీకర్లో బర్రుమని మోగితే వీసీఆర్‌ని తిట్టుకోకండి. పసుపు పిన్నును ఎరుపు, తెలుపు స్థానాల్లోకి మార్చి చూడండి, చాలాసార్లు అక్కడే బొమ్మ పడుతుంది. పడకపోతే టీవీతో పాటు వచ్చిన వైరే వెతకాలి.

ఏవీ జాక్ అసలే లేని టీవీకి హెచ్‌డీఎంఐ కన్వర్టర్ పెట్టాలి. కొనేటప్పుడు 'ఏవీ టు హెచ్‌డీఎంఐ' అని రాసి ఉందో లేదో చూడండి. అచ్చం అలాగే ఉండే 'హెచ్‌డీఎంఐ టు ఏవీ' డబ్బా దీనికి పనికిరాదు. కన్వర్టర్‌కి యూఎస్‌బీ నుంచి 5 వోల్టుల కరెంటు కూడా ఇవ్వాలి. డబ్బా మీద 1080 (బొమ్మలో గీతల లెక్క) అని ఉన్నా వీహెచ్‌ఎస్ టేపులో, అంటే మన మామూలు వీడియో క్యాసెట్‌లో ఉండేది సుమారు 240 లైన్ల వివరమే, అది పెరగదు. పైగా క్యాసెట్ నలిగిన చోట నా కన్వర్టర్ తెరను పూర్తిగా నల్లగా చేసేస్తుంది. అదే చోట ఏవీ జాక్‌లో రెండు గీతలు వచ్చి పోతాయి.

ఏ దారిలో కలిపినా టీవీ సెట్టింగ్స్‌లో 4:3 (పాత టీవీ తెర ఆకారం) పెట్టండి. లేకపోతే పెళ్లి వీడియోలో అందరి ముఖాలూ అడ్డంగా సాగిపోతాయి. అడుగున సన్నగా వణికే గీత కనిపిస్తే అది రోగం కాదు. పాత టీవీలు అంచుల్ని దాచేసేవి, కొత్తవి చూపిస్తున్నాయి, అంతే. బొమ్మలో గీతలు సరిచేసే ట్రాకింగ్ బటన్‌తో అది పోదు.

అమెరికా నుంచి చుట్టాలు పంపిన క్యాసెట్లు చాలావరకు ఎన్‌టీఎస్‌సీవి, అంటే అక్కడి టీవీ పద్ధతివి. మన దేశపు పాల్ పద్ధతి వీసీఆర్‌కి ఆ ప్లేబ్యాక్ సౌకర్యం ఉంటే తప్ప అవి సరిగ్గా ఆడవు.

క్యాసెట్ పెట్టే ముందు దాని కిటికీలోంచి రీలును వెలుతురులో చూడండి. అంచున తెల్లటి పొడిలా బూజు కనిపిస్తే పెట్టొద్దు. అది టేపును చదివే హెడ్డుకి అంటుకుని తర్వాతి క్యాసెట్‌నీ పాడుచేస్తుంది. జపాన్‌కి చెందిన ఫునాయి కంపెనీ 2016 జూలైలో వీసీఆర్ల తయారీ ఆపేశాక కొత్త వీసీఆర్ దొరికే దారి లేదు. హెడ్డు అరిగితే మార్చేవాళ్లూ అరుదే. అందుకే పెళ్లి క్యాసెట్లు, పిల్లల పుట్టినరోజులు ముందుగా కంప్యూటర్లోకి ఎక్కించుకోండి. వీసీఆర్ బొమ్మను కంప్యూటర్లోకి పంపే యూఎస్‌బీ క్యాప్చర్ డబ్బా ఒకటి ఉంటే, అదే పసుపు, తెలుపు, ఎరుపు వైరు దానికీ సరిపోతుంది.