కాల్సిపోట్రియాల్ జెనరిక్ ఆయింట్‌మెంట్: జిడ్డే గానీ పనిచేస్తుంది

సొరియాసిస్‌కి విటమిన్ డి పూత మందు అనగానే ఖరీదైన బ్రాండ్ ట్యూబే కొనాలేమో అనుకోకండి, 0.005 శాతం కాల్సిపోట్రియాల్ జెనరిక్‌లోనూ ఉండేది అదే మందు. మోచేతి మీద తెల్లగా పొట్టు రాలే మచ్చకి పల్చగా రాస్తుంటే ముందు ఆ పొట్టు తగ్గింది, తర్వాత దళసరిగా ఉన్న చర్మం మెత్తబడింది, ఎరుపు మాత్రం చివరిదాకా మొండికేసింది. చర్మకణాలు మరీ వేగంగా పుట్టుకురాకుండా ఆపడమే దీని పని కాబట్టి వారంలో ఫలితం ఆశించొద్దు, సాధారణంగా నాలుగు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. త్వరగా తగ్గాలంటే స్టెరాయిడ్ కలిసిన ట్యూబే మేలు, కానీ దాన్ని నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడే భయం ఉంటుంది, ఇందులో ఆ టెన్షన్ లేదు.

జిడ్డు మాత్రం భరించాలి, చొక్కా చేతులకి అంటుకుంటుంది. మొదట్లో కాస్త మంట సహజం. ముఖానికి, చర్మం మడతలకి డాక్టర్ చెప్తే తప్ప రాయకండి, రాశాక చేతులు కడుక్కోండి. శాలిసిలిక్ యాసిడ్ క్రీమ్‌తో కలిపి రాస్తే ఈ మందు పనికిరాకుండా పోతుంది. పెద్దవాళ్లయినా వారానికి 100 గ్రాములు దాటొద్దు, రక్తంలో కాల్షియం పెరుగుతుంది.