ఫిప్స్ 140 ముద్ర: చేతికొచ్చేసరికి పాతబడే సర్టిఫికెట్

అమెరికా ప్రభుత్వ శాఖలకు మా కంపెనీ అమ్మే సాఫ్ట్‌వేర్‌కి మాదాపూర్‌లో కూర్చుని రిలీజ్ బిల్డులు చేసే పని నాది. ప్రతి రిలీజ్‌కీ కస్టమర్ దగ్గర్నుంచి ఒక ఎక్సెల్ షీటు వస్తుంది. ఎన్‌క్రిప్షన్ గడిలో అడిగేది ఒకటే: మీరు వాడే క్రిప్టో మాడ్యూల్‌కి ఫిప్స్ 140 సర్టిఫికెట్ నంబరెంత? "ఏఈఎస్ 256 వాడతాం, చాలా గట్టిది" అని రాస్తే కుదరదు. నంబరు కావాలి. ఆ నంబరిచ్చే సర్వీసు మీదే ఈ రివ్యూ. బిర్యానీ హోటళ్ల మీద కావలసినన్ని రివ్యూలున్నాయి, దీని మీద తెలుగులో ఒక్కటీ నా కంటపడలేదు.

ఆ సర్వీసు పేరు సీఎంవీపీ. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ, కెనడా ప్రభుత్వ సైబర్ భద్రతా విభాగం కలిసి 1995 నుంచి నడుపుతున్నాయి. దానికి రూల్‌బుక్ ఫిప్స్ 140. 140-1 1994లో వచ్చింది, 140-2 2001లో, ఇప్పుడు నడుస్తున్న 140-3 2019లో. ఎన్‌క్రిప్షన్, డిజిటల్ సంతకం, హ్యాష్ (డేటాకి వేలిముద్ర లాంటిది), ర్యాండమ్ నంబర్లు, ఈ పనులు చేసే కోడు చుట్టూ ఒక గిరి గీస్తారు. గిరి లోపలున్నదే మాడ్యూల్, పరీక్షలన్నీ దానికే. నాలుగు లెవెళ్లున్నాయి కానీ ఉత్త సాఫ్ట్‌వేర్‌కి రెండు దాటి ఇవ్వరు. మేం వాడేవన్నీ లెవెల్ 1వే.

వాలిడేషన్, అంటే ఈ సర్టిఫికెట్, లేని ఎన్‌క్రిప్షన్ని ఎన్‌ఐఎస్‌టీ అసలు ఎన్‌క్రిప్షన్ కిందే లెక్కపెట్టదు. ఆ డేటాను తెరిచి పెట్టినట్టే చూస్తామని రాతపూర్వకంగానే చెప్పింది. అందుకే అమెరికా ప్రభుత్వానికి క్లౌడ్ అమ్మాలన్నా, ఫోను అమ్మాలన్నా ఈ గుమ్మం దాటాల్సిందే.

ముందు బాగున్నవి చెప్తాను. అల్గారిథమ్ పరీక్షలు నిజంగా బాగుంటాయి. ఎన్‌ఐఎస్‌టీ సర్వర్ ప్రశ్నలు పంపుతుంది, మన కోడు జవాబులు లెక్కగట్టి తిరిగి పంపుతుంది, సర్వర్ సరిచూస్తుంది. ఫలానా కీతో ఫలానా బ్లాకుని ఏఈఎస్ చేస్తే ఒకటే జవాబు, దానికి సిఫార్సులు పనిచెయ్యవు. మాడ్యూల్ లోడయ్యేటప్పుడు తనను తాను పరీక్షించుకునే ఏర్పాటు కూడా నాకిష్టం. తన ఫైలు ఎవరైనా మార్చారేమో చూసుకుంటుంది, తెలిసిన లెక్కలు చేసి తెలిసిన జవాబులు వస్తున్నాయో లేదో చూసుకుంటుంది. తేడా వస్తే నోరు తెరవదు. ఈ భాగానికి ఐదుకి ఐదు.

నోరు తెరవకపోవడమంటే ఏమిటో మా బిల్డ్ సర్వర్ మీద చూశాం. మేం వాడే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3లో ఫిప్స్ మాడ్యూల్ విడి ఫైలుగా ఉంటుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు 'ఫిప్స్‌ఇన్‌స్టాల్' అనే కమాండ్ ఆ ఫైలుకి హెచ్‌మ్యాక్, అంటే కీ కలిపి తీసే వేలిముద్ర, లెక్కగట్టి ఒక కాన్ఫిగ్ ఫైలులో రాస్తుంది. మేం లినక్స్‌లో ఇన్‌స్టాల్ చేసే ఆర్‌పీఎమ్ ప్యాకేజీ కడుతూ, మధ్యలో ఆ కమాండ్ నడిపాం. అంతా పచ్చగా పాసయింది. టెస్ట్ మెషీన్‌లో ఇన్‌స్టాల్ చేస్తే మాడ్యూల్ లోడవదు, సెల్ఫ్ టెస్ట్ ఫెయిలంటుంది. ఇద్దరం కూర్చుని లాగులు చదివితే తేలిందేమిటంటే, ఆర్‌పీఎమ్ కట్టే టూలుకి చివర్లో ఒక అలవాటుంది. బైనరీల్లోంచి డీబగ్ సింబళ్లు తీసేసి సైజు తగ్గిస్తుంది. ఎవరూ అడగక్కర్లేదు, అదే చేసేస్తుంది. మేం హెచ్‌మ్యాక్ లెక్కగట్టాక అది ఫైలుని చెక్కింది. లెక్కలో మార్పేమీ లేదు, ఏఈఎస్ ఏఈఎస్‌లాగే ఉంది. అయినా మాడ్యూల్ 'నేను నేను కాదు' అని కూర్చుంది. దాని మీద నాకు కోపం రాలేదు, సరిగ్గా అందుకోసమే కదా ఆ పరీక్ష పెట్టింది. ఆ ఒక్క ఫైలు జోలికి వెళ్లకుండా టూలుకి అడ్డుకట్ట వేశాం. పైగా 3.0 సెక్యూరిటీ పాలసీ ప్రకారం ఆ కాన్ఫిగ్ ఫైలుని ఒక మెషీన్ మీంచి ఇంకోదానికి కాపీ చెయ్యకూడదు, ఎక్కడికక్కడే పుట్టించాలి. కంటైనర్ ఇమేజ్ ఒకచోట కట్టి వందచోట్ల నడిపే ఈ రోజుల్లో ఆ వాక్యం చదివి తల పట్టుకోని వాళ్లు ఉండరు.

సెక్యూరిటీ పాలసీ అన్నాను కదా, ఈ సర్వీసులో నాకు బాగా నచ్చిన వస్తువు అదే. ప్రతి సర్టిఫికెట్‌కీ ఒక పీడీఎఫ్ ఉంటుంది. ఫ్రీగా, లాగిన్ లేకుండా ఎవరైనా దించుకోవచ్చు. ఏ వెర్షన్, ఏ ఆపరేటింగ్ సిస్టమ్ మీద, ఏ ప్రాసెసర్ మీద పరీక్షించారు, ఏ అల్గారిథమ్‌లు అనుమతించినవి, ఎలా ఇన్‌స్టాల్ చెయ్యాలి, అన్నీ రాసి ఉంటాయి. ప్రాసెసర్‌లోని ఏఈఎస్ సూచనలు వాడుకుని ఒకసారి, వాడుకోకుండా ఒకసారి పరీక్షించారా అన్నది కూడా ఉంటుంది. మార్కెటింగ్ వాళ్ల బ్రోషర్లకన్నా ఈ పీడీఎఫ్‌లు వెయ్యి రెట్లు నయం. చాలా సాఫ్ట్‌వేర్ మాడ్యూళ్ల సర్టిఫికెట్ మీద ఒక హెచ్చరిక కూడా కనిపిస్తుంది: పుట్టించే కీలకు కనీస బలం ఇంత ఉంటుందని హామీ ఇవ్వలేం. ర్యాండమ్‌నెస్ మాడ్యూల్ బయట్నుంచి వస్తుంది కాబట్టి దాని పూచీ మాది కాదని దానర్థం. తాళం గట్టిదే, తాళంచెవి సంగతి మీరు చూసుకోండి అని సర్టిఫికెట్ మీదే రాసిపెట్టారన్నమాట. ఆ నిజాయితీకి దణ్ణం పెట్టాలి. మా కస్టమర్లలో ఆ లైను చదివినవాళ్లెవరూ ఇంతవరకూ నాకు తగల్లేదు.

ఇక క్యూ. గుర్తింపు ఉన్న ల్యాబ్ పరీక్షలు చేసి రిపోర్టు పంపాక అసలు నిరీక్షణ మొదలవుతుంది. 'రివ్యూ పెండింగ్', 'ఇన్ రివ్యూ', 'కోఆర్డినేషన్', 'ఫైనలైజేషన్' అని మెట్లు. లిస్టు బహిరంగంగానే పెడతారు. పెండింగ్‌లో ఏడాది దాటి కూర్చున్నవి బోలెడు. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3.1.2 సంగతే చూడండి. ఆ వెర్షన్ విడుదలైంది 2023 ఆగస్టులో. దానికి 140-3 సర్టిఫికెట్, 4985 నంబరుతో, వచ్చింది 2025 మార్చిలో. ఆ 3.1 వరసకి మామూలు సపోర్టు ముగిసింది ఎప్పుడో తెలుసా? అదే 2025 మార్చిలో. అప్పటికే 3.2, 3.3, 3.4 బయటికొచ్చేశాయి. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వాళ్లు తెలివిగా మాడ్యూల్‌ని విడదీసి పెట్టారు కాబట్టి, మిగతా లైబ్రరీ కొత్తది వాడుకుంటూ ఫిప్స్ ముక్క మాత్రం పాతది పెట్టుకునే వీలుంది. ఆ వీలు లేని ఉత్పత్తుల వాళ్ల గతి ఏమిటో నేను చెప్పక్కర్లేదు.

అయినా మనం సుఖపడుతున్నట్టే. 2012లో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఫిప్స్ మాడ్యూల్ 2.0, సర్టిఫికెట్ 1747, దాని యూజర్ గైడు ఒకసారి చదవండి. సోర్సు కోడు ఇంటర్నెట్‌లో ఉంది కదా అని దించుకుని వాడితే చెల్లదు. పోస్టులో వచ్చే సీడీ తెప్పించుకోవాలి, లేదా అప్పటికే వాలిడేషన్ ఉన్న ఇంకో మాడ్యూల్‌తో సరిచూసుకోవాలి. బిల్డ్ కమాండ్లు కూడా వాళ్లు రాసినవే: కాన్ఫిగ్, మేక్, మేక్ ఇన్‌స్టాల్. మన ఇష్టమొచ్చిన ఆప్షన్ తగిలిస్తే అది వాలిడేటెడ్ కాదు. అడుగుజాడ తప్పితే నోము చెడినట్టే.

క్యూ పొడవన్నది చిన్న బాధ. నన్ను నిజంగా ఇబ్బంది పెట్టేది ప్యాచ్. సర్టిఫికెట్ ఒక నిర్దిష్టమైన బిల్డుకి ఇస్తారు. రేపు అందులో లొసుగు బయటపడితే, సరిచేసిన కోడు పరీక్షించిన కోడు కాదు. ఉబుంటు లినక్స్ వాళ్ల సర్వీసు ఉబుంటు ప్రోలో ఈ సంకటం ఎంత సూటిగా కనిపిస్తుందంటే, వాళ్లు రెండు చానళ్లు విడివిడిగా ఇస్తారు. 'ఫిప్స్' అనేదాంట్లో అచ్చంగా వాలిడేషన్ పొందిన ప్యాకేజీలు, భద్రతా ప్యాచ్‌లు రావు. 'ఫిప్స్ అప్‌డేట్స్'లో ప్యాచ్‌లొస్తాయి, కానీ ప్యాచ్ పడ్డ బిల్డు వాలిడేషన్ పొందినది కాదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆడిటర్‌కి మొదటిది నచ్చుతుంది, సెక్యూరిటీ టీముకి రెండోది. వాళ్లిద్దరినీ ఒకే కాల్‌లో కూర్చోబెట్టిన రోజు నాకు టీ కూడా సయించలేదు. మేం రెండోదే ఎంచుకున్నాం, కారణం రాసి సంతకాలు పెట్టించుకున్నాం. సీవీఈ (నంబరిచ్చి ప్రకటించిన లొసుగు) వస్తే మాడ్యూల్‌ని త్వరగా మళ్లీ చూసే దారి సీఎంవీపీ పెట్టిన మాట నిజమే. రెండేళ్లకే చెల్లే మధ్యంతర సర్టిఫికెట్లు ఇచ్చి క్యూ తగ్గించాలనీ చూశారు. కానీ ఆ దారిలో కూడా ల్యాబూ కాగితాలూ తప్పవు.

సరిచేస్తే సర్టిఫికెట్ పోతుందన్న భయం ఎంతదూరం పోయిందో చెప్పడానికి 2013 డిసెంబరు కథ ఒకటుంది. స్నోడెన్ పత్రాలు బయటికొచ్చాక, డ్యూయల్ ఈసీ అనే ర్యాండమ్ నంబర్ల పద్ధతిలో అమెరికా గూఢచారి సంస్థ ఎన్‌ఎస్‌ఏ దొడ్డిదారి ఉందన్న అనుమానం గట్టిపడింది. ఎన్‌ఐఎస్‌టీ ప్రమాణంలోనే ఉన్న పద్ధతి అది. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఫిప్స్ మాడ్యూల్‌లోనూ ఉంది, పరీక్షలన్నీ పాసయింది. అప్పుడెవరో నిజంగా వాడి చూస్తే తేలింది, ఒక బగ్ వల్ల అది అసలు పనే చెయ్యదని. వాడితే ప్రోగ్రాం ఆగిపోతుంది. అన్నాళ్లూ ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదంటే ఎవరూ వాడలేదనే. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వాళ్లు ఆ బగ్ సరిచెయ్యబోమని చెప్పేశారు. వాలిడేషన్ పొందిన మాడ్యూల్‌ని ముట్టుకోవడమంటే ఖర్చూ తంటా, అంతకన్నా ఆ పద్ధతినే పీకేస్తామన్నారు. ఆ ప్రకటన చదివి నేను నవ్వుకున్నంత ఇంకే టెక్నికల్ నోటు చదివీ నవ్వుకోలేదు.

2014లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే లొసుగు బయటపడినప్పుడు ఫిప్స్ మాడ్యూల్ వాడినవాళ్లూ మిగతావాళ్లతో పాటే మునిగారు. ఆ లొసుగు టీఎల్‌ఎస్ (నెట్ కనెక్షన్ని గుప్తంగా ఉంచే పద్ధతి) కోడులో ఉంది, గిరి బయట. మాడ్యూల్ తన పని తాను సరిగ్గానే చేసింది. 2019లో లాగిన్‌కి గుచ్చే భద్రతా డాంగిల్ యూబీకీ ఫిప్స్ సిరీస్‌లో అయితే కంచే చేను మేసింది. పవర్ ఇవ్వగానే ఫిప్స్ కోసం నడిచే సెల్ఫ్ టెస్టుల తాలూకు డేటా ర్యాండమ్ బఫర్‌లో మిగిలిపోయి, మొదటి కొన్ని ఆపరేషన్లకి ఊహించగలిగిన విలువలొచ్చాయి. మామూలు యూబీకీలకి ఆ జబ్బు లేదు, ముద్ర ఉన్నవాటికే. తయారుచేసే యూబికో దాచకుండా చెప్పింది, ఆ యూబీకీలు మార్చి ఇచ్చింది.

డెవలపర్లు తిట్టుకునేవి వేరే ఉంటాయి. ఫిప్స్ మోడ్ (అనుమతించిన అల్గారిథమ్‌లే నడిపే సెట్టింగ్) పెట్టగానే ఎండీ5 అనే పాత హ్యాష్ నడవదు. ఫైలు మారిందో లేదో చూసుకోవడానికి మాత్రమే వాడుతున్నాం మొర్రో అన్నా వినదు. పైథాన్ 3.9 నుంచి 'ఇది సెక్యూరిటీ కోసం కాదు' అని చెప్పే ఆప్షన్ ఇచ్చారు, బతికిపోయాం. రెడ్ హ్యాట్ లినక్స్ ఆర్‌హెచ్‌ఈఎల్ 8లో మోడ్ మార్చితే, దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లడానికి వాడే ఈడీ25519 ఎస్‌ఎస్‌హెచ్ కీలు పనిచెయ్యక సర్వర్ బయటే నిలబడాలి. ఆ సంతకం పద్ధతిని 2023 ఫిబ్రవరిలో డిజిటల్ సంతకాల ప్రమాణం ఫిప్స్ 186-5 ఒప్పుకుంది కానీ, అంతకు ముందు వాలిడేషన్ పొందిన మాడ్యూళ్లకి ఆ సంగతి తెలియదు కదా. మైక్రోసాఫ్ట్ అయితే 2014లోనే, చట్టం అడిగితే తప్ప విండోస్‌లో ఫిప్స్ మోడ్ పెట్టుకోమని ఇక సిఫార్సు చెయ్యమని చెప్పేసింది.

ఇదంతా అమెరికా గొడవ అనుకోకండి. మా అన్నయ్య ఒంగోలులో కాంట్రాక్టులు చేస్తాడు. ఈ-టెండరు వెయ్యాలంటే డిజిటల్ సంతకం డాంగిల్ గుచ్చాలి. మన దేశంలో ఆ సంతకాల వ్యవస్థని చూసే సీసీఏ నిబంధనల్లో, ఆ డాంగిల్‌కి ఫిప్స్ 140-2 లెవెల్ 2 ఉండాలని ఉంది. "నీ తాళాలగుత్తికి వేలాడుతోంది చూడు అన్నయ్యా, అదే నా పని" అన్నాను. "అయితే టెండరు నాకే వస్తుందని గ్యారంటీ ఇస్తుందటే?" అన్నాడు.

కొనేవాళ్లకి ఒక మాట. 'ఫిప్స్ కంప్లయంట్' అని రాసుంటే దానికి విలువ లేదు, 'వాలిడేటెడ్' అని ఉండి నంబరుండాలి. మాకు ఒక వెండర్ 'కంప్లయంట్' బ్రోషర్ పంపాడు. నంబరడిగితే నాలుగు మెయిళ్లు తిరిగాక ఒకటిచ్చాడు. వెతికితే అది వేరే కంపెనీ మాడ్యూల్‌ది, వాళ్లు వాడే వెర్షన్ అందులో లేదు, స్టేటస్ 'హిస్టారికల్'. అంటే పాత సిస్టమ్‌లో ఉన్నది కొనసాగించడం వాళ్ల రిస్కు మీద, కొత్తగా కొనడానికి పనికిరాదు. 140-2 సర్టిఫికెట్లు మిగిలినవన్నీ 2026 సెప్టెంబరు 21 దాటాక ఆ జాబితాలోకే పోవాలి, అన్నయ్య డాంగిల్ రకాలతో సహా. కాబట్టి నంబరు చేతికి రాగానే ఎన్‌ఐఎస్‌టీ సైటులో కొట్టి ముందు స్టేటస్ చూడండి, తర్వాత వెర్షన్, తర్వాత పరీక్షించిన ఆపరేటింగ్ సిస్టమ్. మీ సర్వర్ ఆ లిస్టులో లేకపోతే వెండర్ 'మా పూచీ' అని రాసివ్వొచ్చు, నిబంధనలు ఒప్పుకుంటాయి. సీఎంవీపీ మాత్రం దాని మీద మాట చెప్పదు. ఆ పూచీ కాగితం మీద వెండర్ సంతకం తీసుకోకుండా పర్చేజ్ ఆర్డర్ పంపకండి.